వెనక వరుసలోంచి అందిన మాట

సెలవులకు ఆడపిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోవడంతో మదరసా హాస్టలు బోసిపోయింది. వాళ్లచేత ఖురాన్ కంఠస్థం చేయించే టీచరమ్మ, పిల్లలు ‘ఆపా’ అని పిలిచే ఆవిడ, ఒక్కతే ఉండిపోయింది. పెద్ద జ్వరం తగ్గినప్పటి నుంచీ తనకు కంఠతా వచ్చిన ఖురాన్ వాక్యాలే అక్కడక్కడా జారిపోతున్నాయి. పిల్లలు తిరిగొచ్చేలోగా మళ్లీ పట్టు దొరుకుతుందో లేదోనని ఆమె బెంగ.

ఆ రాత్రి కరెంటు పోయింది. నోటికి వచ్చినదానికి దీపమెందుకని ఆపా చదువుల గదిలో చీకట్లోనే కూర్చుని అందుకుంది. చాలా రోజులకు గొంతు హాయిగా సాగింది. ఒకచోట మాత్రం మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

వెనక వరుసలోంచి ఎవరో ఆ మాట మెల్లగా అందించారు.

చదివేవాళ్లు తడబడితే వినేవాళ్లు అందించడం అక్కడ మామూలే. ఆపా అలవాటుగా అందుకుని సాగిపోయింది. కాస్త దూరం వెళ్లాకగాని హాస్టల్లో ఎవరూ లేరన్న సంగతి గుర్తురాలేదు. అయినా ఆపబుద్ధి కాలేదు. తడబడిన ప్రతిచోటా అదే గొంతు, ఓపిగ్గా. అధ్యాయం తప్పు లేకుండా ముగిసేసరికి సంతోషంతో ఆమె కళ్లు చెమర్చాయి.

"ఎవరమ్మా నువ్వు?"

ఎవరో మోకాళ్ల మీద జరుగుతూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నా పాఠం కూడా అప్పజెప్పనా ఆపా? ఎన్నాళ్లుగానో వినేవాళ్లే లేరు."

ఆపా ముసుగు సర్దుకుంది. "చెప్పు తల్లీ, వింటాను."

గదిలోని వరుసలన్నింటిలోనూ, ఇంకా ఎందరో మోకాళ్ల మీద ముందుకు జరుగుతున్నట్టు, చాపల చప్పుడయింది.