డైమను తొమ్మిది

“నాది అది కాదు,” అన్నాడు భర్త.

ఆమె చేతిలోని ముక్క వంక చూసుకుంది. మళ్లీ తప్పింది.

“పోనీలే, రేపు వేద్దువుగాని,” అని భుజం తట్టి, అతను స్నానానికి వెళ్లాడు.

బల్ల మీద ఇరవై ఒక్క పేకముక్కలు మూడు వరసల్లో పరిచి ఉన్నాయి. పక్కన లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పేక గారడీలు. చేతి నేర్పు అక్కర్లేదు, జ్ఞాపకశక్తి అక్కర్లేదు, చెప్పినట్టు పేర్చుకుంటూ పోతే ఆట దానంతటదే తేలుతుందని మొదటి పేజీలోనే భరోసా ఇచ్చారు. చూసేవాళ్లు ఒక ముక్కని మనసులో అనుకోవాలి. అది ఏ వరసలో ఉందో మూడుసార్లు చెప్పాలి. మూడోసారి పేర్చాక నట్టనడుమ ఉన్నదే వాళ్ల ముక్క.

జ్ఞాపకశక్తి అక్కర్లేదన్నందుకే ఆమె ఆ పుస్తకం తెచ్చుకుంది.

ఏడాదిగా ఆమెకి మతిమరుపు. ఒకరోజు అతను ఇంటికి రాకపోతే కంగారుగా ఫోన్ చేసింది. “క్యాంపుకి వెళ్తున్నానని నిన్న భోజనం దగ్గర చెప్పాను కదా? ఊఁ అన్నావు కూడా,” అన్నాడు. అలా మొదలైంది. తర్వాత క్యాంపులు ఎక్కువయ్యాయి. ఆమె మరిచిపోవడమూ ఎక్కువైంది. ఒకసారి ఇంటి తాళాలు పై అరలోని పంచదార డబ్బాలో దొరికాయి. స్టూలెక్కి తీసుకుంటూ, ఇంత ఎత్తున ఎందుకు పెట్టానా అని ఆమె చాలాసేపు ఆలోచించింది.

మందుల షాపులో ఉద్యోగం అతనే మాన్పించాడు. “ఒక మాత్ర బదులు ఇంకోటి ఇచ్చావనుకో, ఆ పాపం ఎవరిది?” అన్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపమేమీ కనిపించడం లేదు, మెదడుకి ఏదైనా పని చెప్పి చూడమన్నాడు.

ఇప్పుడు పాప వంతు వచ్చింది. పోయినవారం ఆమె గ్యాస్ పొయ్యి ఆర్పకుండా పడుకుందట. అతను చూసి ఆర్పాడు. ఆదివారం అతని అక్క వస్తోంది, పాపని తీసుకెళ్లడానికి. తల్లికి బాగయ్యేదాకా పాప అక్కడే ఉంటుంది.

“పైవాటా టీచరమ్మకి వేస్తే కుదిరింది. కిందింటి దర్జీకీ కుదిరింది. మీకు వేస్తేనే తప్పుతోందండీ,” అంది ఆమె, అతను తల తుడుచుకుంటూ వచ్చాక.

అతను జాలిగా చూశాడు.

“పిచ్చిదానా, వాళ్లు నీ మొహం చూసి అవునన్నారు. నేను నీ మొగుణ్ణి. నేను కూడా అబద్ధమాడితే నీకు నిజం చెప్పే దిక్కెవరు?”

ఆ మాటా నిజమే అనిపించి ఆమెకి ఏడుపొచ్చింది. పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివింది.

శనివారం బజారుకి వెళ్లి ఆలస్యంగా వచ్చింది. ఏం కొన్నావని అతను అడిగితే, గుర్తులేదంది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఆస్పత్రిలో హెడ్ నర్సు, నిక్కచ్చి మనిషి. కూర్చుంటూనే విషయానికొచ్చింది. పాప వరండాలో సుద్దముక్కతో బొమ్మలు గీస్తోంది.

“తల్లీపిల్లల్ని విడదీయడం నాకు మాత్రం సరదానా, అమ్మాయ్? పొయ్యి సంగతి విన్నాక గుండె జారిపోయింది.”

“ఒక్క ఆట వేస్తాను, వదినా. అన్నిటికన్నా తేలికది. మీ తమ్ముడు తీసిన ముక్క నేను చెప్పలేకపోతే, పాప బట్టలు నేనే సర్ది ఇస్తాను.”

“చెప్పగలిగితే?”

“పాప నా దగ్గరే ఉంటుంది.”

ఆడపడుచు తమ్ముడి వంక చూసింది. అతను నిట్టూర్చాడు.

“కానీయ్ అక్కా. దాని ముచ్చటెందుకు కాదనాలి?”

ఆమె పేకను బోర్లా పట్టుకుని విసనకర్రలా విప్పింది. అతను మధ్యలోంచి ఒకటి లాగి, అరచేయి అడ్డం పెట్టుకుని చూసి, మళ్లీ లోపలికి దోపాడు. ఆమె కలిపింది. ఈ ఒక్కసారికి అతను అవునంటే చాలని మనసులోనే వేడుకుంది.

పైముక్క తీసి బల్ల మీద పెట్టింది.

“ఇస్పేటు రాణి. ఇదేనాండీ?”

అతను ఆ ముక్క వంక చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“కాదే. నాది డైమను తొమ్మిది.”

“ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి.”

“నేను ఆలోచించుకోవడమేంటి? మతిమరుపు నాకా?” అక్క వైపు తిరిగాడు. “చూశావుగా. ఏడాదిగా నేను పడుతున్నది ఇదీ.”

“పాప మీద ఒట్టేసి చెప్తారా?”

వరండాలో పాప ఏదో పాడుకుంటోంది. అతను అటు ఒకసారి చూశాడు.

“పాప మీద ఒట్టు. డైమను తొమ్మిది. సరేనా?”

ఆడపడుచు కళ్లు తుడుచుకుని లేచింది.

“ఇక చాల్లే అమ్మాయ్, నిన్ను నువ్వు ఏడిపించుకోకు. పాప బట్టలెక్కడున్నాయి?”

ఆమె మిగతా పేకంతా తిప్పి వదిన ముందు వెల్లకిలా పరిచింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి ముక్కా ఇస్పేటు రాణే.