పెన్ను మూత

"నా మీదే నోటీసు పంపించినావా, పెంచలప్రసాదూ?"

ఆత్మకూరు లాయరు రాజమోహన్ రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోతుందేమో అన్నట్టు అరచేత్తో అదిమిపెట్టాడు. ఎదురుగా కూర్చున్న పెంచలప్రసాద్ తల దించుకున్నాడు. పక్కన అతని భార్య ఆనందమ్మ గుమ్మానికి వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల వైపు చూస్తోంది. ఆ నిమ్మకాయ తన తోటలో పిందెంత కూడా లేదు. తన తోట అనుకుంది గాని, ఇప్పుడది తనది కాదు.

నోటీసులో ఉన్నది కూడా అదే. ఎకరన్నర నిమ్మతోట కేసు ఉదయగిరి కోర్టులో దాయాదుల పరమైంది. ముప్పై రోజుల్లో అప్పీలు వేయాల్సిన లాయరు వేయలేదు. కాబట్టి తోట ఖరీదు పద్దెనిమిది లక్షలు ఆయనే ఇచ్చుకోవాలి. ఆత్మకూరులో తోటి లాయరు మీద రాసే మగాడు దొరక్క, నెల్లూరు దాకా వెళ్లి రాయించుకొచ్చారు.

"గడువు ఆఖరి రోజు అమావాస్య. కాగితాల మీద సంతకం పెట్టనని మొరాయించింది నువ్వు," అన్నాడు రాజమోహన్.

"నేను కాదు సార్, మీరు. నేను పెన్ను మూత తీసినాను. మీరు లాక్కోని మూత పెట్టేసినారు. మంచి రోజు చూసి వేద్దాం, కోర్టు యాడికీ పోదంటిరి."

"విన్నావామ్మా? ముప్పై ఏళ్ల ప్రాక్టీసు నాది. అమావాస్యకి జడిసేవాడి మాదిరి కనపడతాన్నానా?"

అమావాస్య పోయాక మూఢం వచ్చింది. మూఢం విడిచేసరికి మూడు నెలలు దాటాయి. పార్టీకి కామెర్లు సోకి ఆలస్యమైందని లాయరు అర్జీ పెడితే, డాక్టరు చీటీ ఏదని అడిగి పై కోర్టు కొట్టేసింది. కామెర్లు వచ్చిన సంగతి పెంచలప్రసాద్‌కి ఆ రోజే తెలిసింది.

అది జరిగి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఆనందమ్మ మొగుడికి వేళకు అన్నం పెడుతోంది గాని ఒక్క మాట మాట్లాడ్డం లేదు. ఎండాకాలాల్లో బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్న చెట్లు ఆమెవి. ఈయనేమో ఇంట్లో ఎద్దు తుమ్మినా ప్రయాణం మానుకునే మనిషి. నల్లకోటు వేసుకున్న లాయరు మాట కాదని ఈయన మాట ఎలా నమ్ముతుంది?

రాజమోహన్ గొంతు మెత్తబడింది. గోడకి క్యాలెండరు పక్కనే, లామినేషన్ చేయించి మేకుకి తగిలించిన కాగితం ఒకటి చూపించాడు.

"అదేందో తెలుసామ్మా? ఇన్సూరెన్సు. బండికి ఉంటాదే, అట్లాంటిదే లాయరుకి. మేం పొరపాటు చేసి పార్టీని ముంచితే నష్టం కంపెనీ కడతాది. జేబులోంచి నేను తీసేది లేదు, మీరు పోగొట్టుకునేది లేదు."

"పొరపాటు చేయలేదంటిరే?" అంది ఆనందమ్మ.

"చేయలా. అయినా మీ కోసం చేసినానని కంపెనీకి రాస్తా. నా పేరు పోతే పోనీ. కానీ ఒకటే షరతు. ఈ గదిలో, నీ ముందర, మీ ఆయన నిజం ఒప్పుకోవాల."

పెంచలప్రసాద్ మొహం ఎర్రబడింది. "చేయని తప్పు ఎట్ట ఒప్పుకునేది సార్?"

"ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది? పోయిన తోట డబ్బయినా వస్తాది," అంది ఆనందమ్మ.

ఎనిమిది నెలల తర్వాత భార్య తనతో అన్న మొదటి మాట అది. పెంచలప్రసాద్ ఆమె వైపు కాసేపు చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ అన్నాడు, "సరే సార్. తప్పు నాదే. అమావాస్య నాడు సంతకం పెట్టననింది నేనే."

మొగుడి చేత నిజం కక్కించినందుకు ఆనందమ్మకి సంతోషం కలగాలి. కలగలేదు.

రాజమోహన్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, దానకర్ణుడి మొహం పెట్టి ఇన్సూరెన్సు ఏజెంటుకి ఫోన్ కలిపాడు. వాళ్లూ వినాలని స్పీకరు పెట్టాడు.

"జబీవుల్లా, క్లెయిమ్ ఫారం ఒకటి పట్టుకోని రా."

"ఎవురికి సార్?"

"నాకే. నా లాయరు పాలసీ మీద."

అవతల ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "ఆ పాలసీ ముగిసి రెండు నెలలాయె గదా సార్. మళ్లా కట్టలేదే మీరు. క్లెయిమ్ పెట్టేనాటికి పాలసీ ఉంటేనే గదా కంపెనీ కట్టేది."

రాజమోహన్ చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. అంతకంటే ముందు ఆనందమ్మ దాన్ని తన వైపు జరుపుకుంది.

"గడువు అయిపోతా ఉంటే నాకు చెప్పొద్దా?" అన్నాడు రాజమోహన్, ఉన్న చోటి నుంచే.

"చెప్పకేం సార్. ఆఖరి రోజు పొద్దున్నుంచీ మీ ముందరే కూచుంటిని. చెక్కు రాసినారు, సంతకానికి పెన్ను మూత తీసినారు, గోడ మీద క్యాలెండరు చూసినారు, అమావాస్య నాడు సంతకమేందిరా, మంచి రోజు చూసి రాపో, కంపెనీ యాడికీ పోదని మూత పెట్టేసినారు."