టేకు రంగు

"ఇది టేకు రంగా మేస్త్రీ? అసలు కళ్లతో చూసే వేశారా?"

ఇంటావిడ గొంతు పెరడంతా మోగింది. పాలిష్ మేస్త్రి తలొంచుకుని, పెరటి గుమ్మం ముందు తను నిన్న రంగేసిన చెక్క అరుగు వైపు చూశాడు. చూశాడన్న మాటే గానీ, అతనికి కనబడింది పొగమంచులో నీడలాంటిది. అది టేకో, తారో అతనికి తెలియడం లేదు.

"బొగ్గుల కొట్టులా చేసి పెట్టారు! సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ ఇక్కడే కూర్చుంటాం."

"తప్పు నాదమ్మగారూ." మేస్త్రి భార్య ముందుకొచ్చింది. "ఒకదానికి బదులు ఇంకో డబ్బా అందించేశాను. ఆయన్నేమీ అనకండి."

ఆమె అందించలేదు. ఆమె నీళ్ల కోసం అటు వెళ్లినప్పుడు, చేతికి దొరికిన డబ్బా మూత అతనే తీశాడు. ఆ సంగతి మొగుడూ పెళ్లాలకే తెలుసు. పోయిన చూపు ఇంక రాదనీ, ఉన్న కాస్తా ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ కళ్ల డాక్టరు అన్న మాట కూడా ఆ ఇద్దరికే తెలుసు.

"రేపు పొద్దున్నే వచ్చి అంతా గీకేసి మళ్లీ వేస్తానమ్మా" అన్నాడు మేస్త్రి.

"రేపొక్కరోజే. అప్పుడూ ఇలాగే ఉంటే వేరేవాళ్లని పిలుచుకుంటాను. మిమ్మల్ని పిలవమని ఈ వీధిలో ఇంకెవరికీ చెప్పను."

ముప్పయ్యేళ్లుగా చెక్క పనంటే మేస్త్రే అన్నారు అందరూ. ఆ ముప్పయ్యేళ్లూ ఇప్పుడు ఆ ఒక్క అరుగు మీద కూర్చున్నాయి.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇంటికొస్తూ బస్సు దిగబోయి భార్య కాలు మడతపడింది. తెల్లారేసరికి సొరకాయలా వాచింది. నేల మీద మోపనివ్వడం లేదు.

"రెండ్రోజులు గడువు అడుగుదామయ్యా. నేనూ వస్తాను" అంది.

"ఏమని అడగను? పెళ్లాం వెంట లేకపోతే నేను గుడ్డివాణ్ణని చెప్పనా?"

ఆమె సంచి దగ్గరికి లాక్కుని ఉప్పుకాగితాలు, కుంచెలు, పాత గుడ్డలు సర్దింది. డబ్బాల మీది చీటీలు ఒకటికి రెండుసార్లు చదివి, టేకు రంగుది ఒక్కటే అందులో పెట్టింది.

"ఇంకే రంగూ పెట్టలేదు. తప్పు చేద్దామన్నా చెయ్యలేవు" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మేస్త్రి బస్సు దిగి, మలుపు తిరిగి, ప్రహరీ గోడల మీద చెయ్యి రాస్తూ నడిచాడు. పెరటి అరుగులతో సహా ఒకే మూసలో కట్టిన ఇళ్లు. వేళ్లకు తగిలిన గేటునల్లా లెక్కపెట్టుకుంటూ ఆరోది తీశాడు.

"అమ్మగారూ!"

పలుకు లేదు. తలుపు తట్టాడు. రెండోసారి పిలిచాడు. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది తప్ప మనిషి అలికిడి లేదు.

'నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు కాబోలు' అనుకున్నాడు. మనసు చివుక్కుమంది. అయినా పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లాడు. మోకాలికి అరుగు అంచు తగిలింది. సంచి దించి, ఉప్పుకాగితం మడిచి కూర్చున్నాడు.

మొన్నటి పూత పచ్చిగా ఉండి కాగితానికి అంటుకుంటుందేమోనని భయపడ్డాడు. అంటుకోలేదు. పొడిపొడిగా రాలింది. 'ఎండ మంచి పని చేసింది' అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఒకటి తన వైపు కలిసొచ్చింది.

ఒక్కో పలకా నారవాలున, చెక్క చారలు సాగిన వైపే గీకాడు. ఎక్కడ వదిలేశాడో కళ్లు చెప్పవు కాబట్టి అరచేత్తో తడిమాడు. అరచెయ్యి మీదా నమ్మకం చాలనిచోట వంగి చెంప ఆనించి చూశాడు. చెక్క పేళ్లు గుచ్చుకుని వేళ్ల చివర్లు రక్తాలు కారాయి. చెక్కకి ఆ మరక అంటకుండా గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. మంచినీళ్లకి కూడా లేవలేదు. లేస్తే ఎంతవరకు చేశాడో గుర్తు తప్పిపోతుంది.

మధ్యాహ్నానికి మొదటి పూత అయింది. ఎండ వాలేలోపు రెండోది అయింది. చివరి పలక చివరి అంగుళం దాకా కుంచె లాగి, మెట్టు మీదికి దిగాడు. నడుం పట్టేసింది. మోకాళ్లు కొట్టుకుపోయాయి. కానీ ముప్పయ్యేళ్లలో తను ఇంత నున్నగా చేసిన పని ఇంకోటి లేదని చేతులకి తెలుసు.

ఇదే ఆఖరి పని. అతనికి ఆ సంగతీ తెలుసు. 'అమ్మగారికి చూపించి, నా కళ్ల సంగతి నేనే చెప్పేస్తాను. తిట్లు తిని కాదు, మెప్పు పొంది మానేస్తాను' అనుకున్నాడు. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాడు.

జేబులో ఫోను మోగింది. తడిమి నొక్కి చెవిదగ్గర పెట్టుకున్నాడు. ఇంటావిడ గొంతు.

"అమ్మగారూ, మీకే చెబుదామనుకుంటున్నా..."

"ఇంకేం చెబుతారు మేస్త్రీ? పొద్దుట్నించీ పెరటి తలుపు తీసుకుని మీ కోసమే కూర్చున్నాను, రాలేనని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"