ఎవరి తాలూకు?

“కారుకి మెట్టేంటమ్మా? ఇందులోంచి రాణీగారు దిగుతారా?”

వెర్నల్ అడిగిన తీరుకి వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

రేవులో కార్లకి పన్ను వేసే బల్ల వెనక కూర్చున్న రోజు నుంచీ అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు. దీవి మొత్తానికి ఉన్నది నాలుగు వేల మంది. అందులో సగం మందైనా తనకి భయపడాలని అతని కోరిక.

ఎదురుగా నిలబడ్డ ఆవిడకి నలభై దాటి ఉంటాయి. మాసిన టోపీ, అరిగిన చెప్పులు. తెచ్చింది పాత జపాన్ బండి. దాని వెనక తలుపు కింద కొత్తగా అతికించిన ఇనుప మెట్టు.

“ఎక్కలేని మనిషి కోసమండీ,” అందావిడ.

“ఈ డొక్కుకి పన్ను దాని ధరంత అవుతుంది. కడతావా?”

“ఇక్కడ పుట్టినవాళ్లు తిరిగొస్తే ఒక కారుకి పన్ను లేదట కదండీ. నేనిక్కడే పుట్టాను.”

వెర్నల్ ఆవిడని ఎగాదిగా చూశాడు. పన్ను మాట వినగానే ప్రతివాడికీ ఈ దీవి పుట్టిల్లయిపోతుంది!

“పుట్టిన కాగితం?”

“నిప్పుల కొండ పేలినప్పుడు పాత ఊరితోపాటే బూడిదలో పోయిందండీ.”

“అందరి కాగితాలూ ఆ బూడిదలోనే! సరే, ఎవరి తాలూకు నువ్వు? నిన్నెరిగిన మనిషి పేరు ఒక్కటి చెప్పు. ఇప్పుడే ముద్ర కొట్టేస్తా.”

ఆవిడ అతని చొక్కా మీది పేరు చదివింది. వెనక చెవులు రిక్కించిన జనాన్ని చూసింది.

“చెప్పలేనండీ.”

“చెప్పలేవా, ఎవరూ లేరా?”

“ఉన్నారు. చెప్పలేను.”

వరుస మళ్లీ నవ్వింది.

“అబద్ధమాడి పన్ను ఎగ్గొట్టబోయావని కేసు రాయనా, మధ్యాహ్నం పడవెక్కి పోతావా? బండి మాత్రం ఇక్కడే ఉంటుంది.”

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

“భోంచేశావా బాబూ?” అంది.

“చూశారా, ఇప్పుడు వరసలు కలుపుతోంది!” అన్నాడు వెర్నల్ పక్కవాళ్లతో.

ఆవిడ పడవ వైపు నడిచింది.

వెర్నల్ భోజనానికి ఇంటికెళ్లేసరికి మేకమాంసం పులుసు ఘుమఘుమలాడుతోంది. బల్ల మీద మూడు పళ్లాలున్నాయి. అతని తల్లి ఎడ్రిస్ వాకిట్లో కుర్చీలో కూర్చుని, మోకాళ్లు నొక్కుకుంటూ దారి వైపు చూస్తోంది.

“ఎవరొస్తున్నారమ్మా?”

“రానీ, చెప్తా.”

వెర్నల్ చేతులు కడుక్కుంటూ పొద్దుటి వినోదం చెప్పాడు. ఆ బండావిడ గొంతును అనుకరించి మరీ చెప్పాడు.

ఎడ్రిస్ నవ్వలేదు.

“మెట్టున్న బండా?”

“ఆఁ. ఇక్కడే పుట్టిందట! ఒక్క పేరు చెప్పమంటే నోట మాట లేదు. దొంగ మొహం.”

రేవులో పడవ కూత వేసింది. ఎడ్రిస్ గబుక్కున లేవబోయింది. మోకాళ్లు లేవనివ్వలేదు.

“ఆ మూడో పళ్లెం దానిదేరా,” అంది కూలబడుతూ. “పెళ్లికి ముందు కని, పరాయి దీవిలో పెంపకానికిచ్చి, నలుగురిలో నా పేరు ఎత్తొద్దని దాని చేత ఒట్టు వేయించుకున్నది నేనే.”