సైజు చూడ్డానికే

"లాగకు! వేలు ఊడొస్తుంది గానీ ఉంగరం రాదు!" ఒడెట్ అరిచిన అరుపుకి సరస్సు మీది బాతులు కూడా లేచిపోయాయి.

లూక్ ఠక్కున ఆమె చెయ్యి వదిలేశాడు. ఉంగరపు వేలు బూరెలా ఉబ్బిపోయింది. ఆ వాపులో అతని నాయనమ్మ ఉంగరం సగం కూరుకుపోయి ఉంది. నిన్న మధ్యాహ్నం ఇక్కడే, పడవ ఒడ్డుకి లాగిన వెంటనే, మోకాలి మీద కూర్చుని పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఒడెట్ నవ్వలేదు, కాదనలేదు. "జవాబు తర్వాత. ముందు సైజు చూడనీ," అని తొడుక్కుంది. ఈలోగా నల్ల ఈగలు ఆ చేతిని చూసుకున్నాయి. నువ్వుగింజంత ఉంటాయి గానీ, కరిస్తే రక్తం కారాల్సిందే. తెల్లారేసరికి ఇదీ పరిస్థితి.

"మరి... దీన్ని జవాబనుకోవచ్చా?" అన్నాడు లూక్ నీళ్లు నములుతూ.

"ఇది జవాబు కాదు నాయనా, వాపు! మే నెలాఖర్లో, ఈగలకి పండగ రోజుల్లో, ఆడపిల్లని అడవికి తీసుకొచ్చి పెళ్లి మాట ఎత్తినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఆగస్టు అని ఒక నెలుందని నీకెవరూ చెప్పలేదా?"

"ఆగస్టులో ట్రౌట్ చేపలు లోతుకి పోతాయి కదా..."

"చేపల కోసమట! వింటున్నారా ఈగలూ?"

ఆ రోజంతా వెన్న రాశారు, సబ్బు రుద్దారు, పందికొవ్వు పట్టించారు. ఉంగరం కదిలితే ఒట్టు. ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని ఒడెట్ ఒకటే గొడవ. పోదామంటే ఎదురుగాలి. మర్నాడూ అదే తంతు. లూక్‌కి ఒకటే బెంగ. ఉంగరం ఆమె వేలికే ఉంది, పెళ్లి మాత్రం ఉందో లేదో తెలీదు. అడిగితే కరుస్తుంది, అడక్కపోతే నిద్ర పట్టదు.

మూడో రోజు పొద్దున గాలి తగ్గింది. ఒడెట్ ఒడ్డున గిన్నెలు తోముకుని వచ్చింది. వచ్చేసరికి ఎడమ చేతికి మందపాటి తోలు తొడుగు వేసుకుని ఉంది.

"వేలు చూపించు," అన్నాడు లూక్.

"అక్కర్లేదు."

"కొంచెం వెన్న రాస్తాను."

"వెన్న రొట్టెకి రాసుకో. నా చెయ్యి ముట్టుకోకు."

ఇంకేముంది అనుకున్నాడు లూక్. వేలు నల్లబడిపోయి ఉంటుంది, అందుకే చూపించడం లేదు. "పద, ఇప్పుడే బయల్దేరదాం. పడవలు అద్దెకిచ్చే ఫెర్నాన్ తాత దగ్గర ఇనుము కోసే కత్తెరుంది. వారానికొకడి వేల్లోంచి గాలం కోసి తీస్తాడాయన. ఉంగరం కోయించేద్దాం."

"మీ నాయనమ్మ ఉంగరం కోయిస్తావా?"

"నీ వేలికంటే ఎక్కువా ఏంటి?"

ఒడెట్ అతని వైపు తిరిగింది. ఈగలు కుట్టకుండా వేసుకున్న వల ముసుగులో మొహం సరిగ్గా కనిపించలేదు. "ఇంకో రెండు రోజులుందాంలే. చేపలు పడుతున్నాయిగా," అంది.

లూక్‌కి బుర్ర తిరిగిపోయింది. నిన్నటిదాకా ఇంటికి ఇంటికి అని ప్రాణం తీసిన మనిషి! ఇంక ఆమె మాట వినదలుచుకోలేదు. గుడారం పీకేశాడు. రెండు సరస్సుల మధ్య బురద దారిలో పడవను నెత్తికెత్తుకుని ఒక్కడే నడిచాడు. రెండు చేతులూ పడవకే సరిపోయాయి. అతని ముసుగు ఎక్కడో కొమ్మకి చిక్కి చిరిగింది, ఇంక ఈగలకి అడ్డెవరు? దారి దాటేసరికి ఒక కన్ను మూసుకుపోయింది.

మళ్లీ పడవెక్కాక, ముందు కూర్చున్న ఒడెట్ భుజాలు అదురుతుండడం ఒంటికంటితో చూశాడు. పాపం, నొప్పి ఓర్చుకోలేక ఏడుస్తోంది. తెడ్డు ఇంకా గట్టిగా వేశాడు.

"ఏంరా లూక్, ఈగలకి అన్నదానం చేశావా?" అన్నాడు ఫెర్నాన్, కొట్టులోకి వచ్చిన అతని మొహం చూసి.

"నా సంగతి వదిలెయ్ తాతా! ముందు ఈమె వేలు చూడు. ఉంగరం ఇరుక్కుని మూడు రోజులైంది. కోసెయ్."

ముసలాయన కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. "బంగారాన్ని కోసినా అతికించొచ్చు, వేలిని అతికించలేం. చెయ్యి ఇలా పెట్టమ్మాయ్."

ఒడెట్ చెయ్యి వెనక్కి దాచుకుంది. "వద్దు తాతా. నొప్పేం లేదు."

"అయ్యో, నొప్పి కూడా తెలీడం లేదంట!" లూక్‌కి ఏడుపొక్కటే తక్కువ. "పట్టుకో తాతా, పట్టుకో!"

ఫెర్నాన్ తొడుగు కొసలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తొడుగుతో పాటు ఉంగరమూ ఊడొచ్చి, బల్ల మీద గిరగిరా తిరిగి, కత్తెర పక్కన పడింది. ఒడెట్ వేలు సన్నగా, శుభ్రంగా ఉంది.

లూక్ ఉంగరాన్ని చూశాడు. వేలిని చూశాడు. ఏమీ అర్థం కాక ముసలాయన్ని చూశాడు. ఆయన నాకేం తెలుసన్నట్టు భుజాలెగరేశాడు.

"పొద్దున గిన్నెలు తోముతుంటే దానంతటదే ఊడింది," అంది ఒడెట్, ఉంగరం తీసి మళ్లీ అదే వేలికి పెట్టుకుంటూ. "మళ్లీ నేనే తొడుక్కున్నాను. సైజు చూడ్డానికి కాదు."