కుర్చీలో కూర్చున్నవాళ్లతో

"మిల్లు మూసేసి మంచిపని చేశారు. అందులో ఉన్నదంతా తిని కూర్చునే బ్యాచే," అన్నాడు సెలూన్ కుర్చీలోని పెద్దమనిషి, చెంపలనిండా నురగతో.

"అవునండీ," అన్నాడు బార్బరు.

వెనక బెంచీ మీద కూర్చున్న బార్బరు తమ్ముడు పేపర్లోంచి తలెత్తలేదు. ఆ మిల్లు మూతపడటంవల్లే అతను రోడ్డున పడ్డాడు. పెళ్లాంపిల్లలతో అన్న పంచన చేరాడు.

కుర్చీలో ఉన్నవాడితో వాదించకూడదన్నది అన్న వృత్తిధర్మం. పొద్దున ఒకాయన క్రికెట్ కెప్టెన్ని పీకేయాలంటే అవునండీ అన్నాడు. తర్వాతాయన అతను లేకపోతే జట్టే లేదంటే, దానికీ అవునండీ అన్నాడు.

"చేతగానివాళ్లని ఎన్నాళ్లు మేపుతారయ్యా?" అన్నాడు పెద్దమనిషి మళ్లీ.

"అవునండీ."

పెద్దమనిషి నున్నటి చెంపలు తడుముకుంటూ వెళ్లిపోయాడు.

"పట్టించుకోకురా. గిరాకీ కోసం నోరు ఏదో అంటుంది, మనసులో ఉంటుందా?" అన్నాడు అన్న. "రా, నీకూ గడ్డం గీస్తాను. పని అడగడానికి ఈ మొహంతో వెళ్తావా?"

తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు. అన్న తువ్వాలు కప్పి, నురగ పట్టించి, కత్తికి కొత్త బ్లేడు ఎక్కిస్తున్నాడు.

"నీకూ వదినకీ బరువైపోయాను కదన్నయ్యా."

"అవునండీ."

బ్లేడు మీద వేళ్లు ఆగిపోయాయి. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి. 'అలవాటులో నోరు జారిందిరా' అనబోయాడు అన్న. అనలేక చూపు బ్లేడు మీదికి దించుకున్నాడు.

తమ్ముడు గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు.

"కానివ్వండి," అన్నాడు.