ఇంటికొచ్చిన పని

"నీలమ్మా, ఇంట్లనే ఉన్నవు గద. జర పిల్లను చూస్తుండు, గిట్ల పోయొస్త," అంది పక్కింటి సత్తెమ్మ.

నీలమ్మ కుట్టు మిషను ఆపలేదు.

"ఇంట్ల ఉన్న గని ఖాళీగ లేను సత్తెమ్మక్కా. రేపు పొద్దుగాల కుట్టిన అంగీల ముల్లె పోవాలె. నేను కుట్టు షెడ్డుకు పనికి పోయుంటే పిల్లను ఎవరికి అప్పజెప్తుంటివి?"

సత్తెమ్మ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

హఫీజ్‌పేట్‌లో ఆ సందులో అందరిదీ ఒకటే తీరు. ఇంట్లో ఉన్న ఆడదానికి పని లేదనుకునేవారు. తాళంచెవి ఇచ్చి పోయేవాళ్లు కొందరు, రవికె చిరిగిందని వచ్చేవాళ్లు కొందరు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు కొందరు.

అయినా నీలమ్మకు ఈ పని కావాలి. పక్షవాతంతో మంచం పట్టిన అత్త బుచ్చమ్మను వదిలి మదీనాగూడలోని కుట్టు షెడ్డుకు వెళ్లలేదు. ఇంట్లో అయితే గంటకోసారి అత్తను పక్కకు తిప్పి, ఇంత జావ తాగించి, మళ్లీ మిషను ముందు కూర్చోవచ్చు.

అందుకే తన పనికి అడ్డొచ్చే ఎవరినీ గడప తొక్కనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

ఒక్క పెంటయ్యతోనే చిక్కొచ్చింది.

ఫ్యాక్టరీ కార్మికుల అంగీల కోసం కత్తిరించిన ఖాకీ బట్టను షెడ్డు నుంచి సైకిలు మీద తెచ్చేది అతనే. కుట్టినవి ముల్లె కట్టి తీసుకుపోయేదీ అతనే. అరవై దాటిన మనిషి. వచ్చిన పని చూసుకుని పోడు. అరుగు మీద కూర్చుని ఆమె చేతులనే చూసేవాడు.

"బిడ్డా, జేబు మూల కాడ జర ఆగు. రెండు కుట్లు ఎక్కువ వెయ్యి."

"తెలుసు పెద్దయ్యా."

"కాజాల దారం మరీ గుంజకు."

"అది గూడ తెలుసు."

ఓ రోజు అత్త పక్క తడిసింది. పొయ్యి మీద పప్పు మాడింది. పెంటయ్య అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

నీలమ్మ ముల్లె తెచ్చి సైకిలు మీద పెట్టింది.

"పెద్దయ్యా, మోసేది నీ పని, కుట్టేది నా పని. నువ్వు గిట్ల కూసుంటే నా చెయ్యి ఆడదు. ఇగ కొత్తది పెట్టు, పాతది తీస్కపో. అంతే."

"మంచిది బిడ్డా," అని పెంటయ్య లేచాడు.

ఆ తర్వాత ఎన్నడూ కూర్చోలేదు.

నీలమ్మ పని పుంజుకుంది. మూడేళ్లలో ఆమె కుట్టిన అంగీ ఒక్కటీ వెనక్కి రాలేదు. షెడ్డులో కూర్చుని కుట్టేవాళ్లవే తిరిగి వస్తున్నాయని విని, మనసులోనే మురిసిపోయింది.

ఒక సోమవారం పెంటయ్య రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం సత్తెమ్మను బతిమాలి అత్త దగ్గర కూర్చోబెట్టి, ముల్లె నెత్తిన పెట్టుకుని నీలమ్మే మదీనాగూడ నడిచింది.

షెడ్డు సూపర్‌వైజరు కామేశ్వరరావు ఒక్కో అంగీని వెలుగుకు పట్టి చూశాడు. ఇరవైలో ఎనిమిది పక్కన పెట్టాడు.

"ఇవి విప్పి మళ్లీ కుట్టాలమ్మా. జేబు మూలల కుట్లు అప్పుడే వదులుతున్నాయి."

"మూడేండ్లల ఒక్కటి గూడ ఎనకకు రాలె సార్."

"రాలేదు. పెంటయ్య దారిలో బొంబాయి రోడ్డు పక్కన ఆగి, చెడినవన్నీ విప్పి, చేత్తో కుట్టి తెచ్చేవాడు. నాకు తెలిసీ ఊరుకున్నాను."

నీలమ్మ ఒక అంగీ అందుకుని జేబు మూల చూసింది.

"పెద్దయ్య యాడున్నడు సార్?"

"ఆదివారం పోయాడమ్మా. నిద్రలోనే."

 ఆమె ఆ ఎనిమిది అంగీలనూ ఒడిలోకి తీసుకుని నేల మీద కూర్చుంది.

"ఈడనే విప్పి కుడ్త సార్. తప్పు యాడున్నదో మీ కటింగ్ మాస్టరును ఒక్కపారి చూపియ్యమనుండ్రి. మల్ల రానియ్య."

కామేశ్వరరావు కళ్లజోడు తీశాడు.

"ఇల్లు కదల్లేని ఆడవాళ్లకు ఇంటికే పని పంపుదామని మా మాస్టరు పట్టుబట్టాడమ్మా. ఎవరు మోస్తారు, తప్పులొస్తే ఎవరు దిద్దుతారు అన్నారు యజమాని. రెండూ నేనే చేస్తానని ఆ రోజే కత్తెర బల్ల మీద పెట్టి, సైకిలెక్కి మీ సందుకు వచ్చిన మాస్టరే పెంటయ్య."